ఓర్లాండో డిన్నర్ షో: తాతగారు మెలకువగా ఉండే రోజు వెతకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. జూన్‌లో కూకట్‌పల్లి నుంచి ఆరుగురు అమెరికాలో డిస్నీ పార్కులుండే ఓర్లాండో వెళ్తున్నారు: మీరు, మీ శ్రీమతి, 71 ఏళ్ల నాన్నగారు, 67 ఏళ్ల అమ్మగారు, పదకొండేళ్ల బాబు, ఐదేళ్ల పాప. అక్కడ ఐదు రాత్రులు ఉంటారు. నాన్నగారు గుడ్డు కూడా ముట్టరు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. బాబుకి కత్తియుద్ధం చూడాలనుంది, పాపకి మిక్కీ మౌస్ కనిపించాలి. రెండు డిన్నర్ షోలు బుక్ చేద్దామనుకుంటున్నాం, ఏ రెండు అని అడిగారు.

నాకు చిక్కడపల్లిలో చిన్న ట్రావెల్ ఆఫీసు ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. మా అమ్మాయి అమెరికాలో ఉండటంతో నేనూ ఓర్లాండో నాలుగుసార్లు వెళ్లొచ్చాను, అందులో రెండుసార్లు మా అమ్మతో. బ్రోషర్లలో ఉండే సంగతులు మీరు ఎలాగూ చదివే ఉంటారు, వాటిలో ఉండనివి చెప్తాను.

రెండు వద్దండి, ఒకటి చాలు. ఆ ఒక్కటీ ఏ షో అన్నది తర్వాత సంగతి. ఏ రోజు, ఎన్ని గంటలకి అన్నది ముందు తేల్చుకోండి. అది తేలితే షో దానంతటదే తేలిపోతుంది.

డిన్నర్ షో ఎలా ఉంటుందో ఊహకి అందాలంటే మన కొంపల్లిలో రాజస్థానీ పల్లె తరహాలో కట్టిన ధోలా రీ ధానీని గుర్తు తెచ్చుకోండి. గేటు దగ్గర ఒకే టికెట్, అందులోనే భోజనం, అందులోనే ఆటా పాటా. కాకపోతే కొంపల్లిలో బొమ్మలాట విసుగొస్తే లేచి ఇంకో పక్కకి పోవచ్చు, ఆకలేసినప్పుడు వెళ్లి తినొచ్చు. ఓర్లాండోలో ఆ వెసులుబాటు ఉండదు. చెప్పిన టైముకి, చెప్పిన కుర్చీలో, దాదాపు రెండు గంటలు. ప్లేటు వాళ్లు తెచ్చినప్పుడే తినాలి, చప్పట్లు వాళ్లు కొట్టమన్నప్పుడే కొట్టాలి. పెళ్లిలో బంతి మధ్యలో కూర్చున్నట్టు ఉంటుంది. ఆకు ముందు నుంచి లేవాలంటే అటు పదిమంది, ఇటు పదిమంది కాళ్లు ముడుచుకోవాలి. ఇలాంటి చోట నిద్రొస్తే, ఆకలేస్తే, పాప ఏడిస్తే పడే ఇబ్బంది మామూలు హోటల్లో కంటే మూడింతలు.

నిద్ర సంగతి మొదట చెప్తాను, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది అక్కడే. జూన్‌లో ఓర్లాండో మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఆరు గంటలంటే హైదరాబాద్‌లో తెల్లవారుజాము మూడున్నర. మన ఊరి నుంచి అమెరికా వెళ్లినవాళ్లకి మొదటి రెండు మూడు రోజులు సాయంత్రం అయ్యేసరికి కళ్లు మూతలు పడిపోతాయి, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి కూర్చుంటారు. వయసు మీద పడ్డవాళ్లకి ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు. పిల్లలైతే నిలబడి ఉన్నవాళ్లు నిలబడినట్టే వాలిపోతారు.

2016లో వనస్థలిపురం నుంచి ఒక కుటుంబాన్ని పంపాను. ఏడుగురు. దుబాయ్ మీదుగా, అక్కడి నుంచి ఓర్లాండోకి నేరుగా పదహారు గంటల దాకా ప్రయాణం. పొద్దున దిగుతారు, మధ్యాహ్నం హోటల్లో పడుకుంటారు, సాయంత్రానికి తేలిగ్గా ఉంటారులే అని మొదటి రాత్రికే మెడీవల్ టైమ్స్ అనే గుర్రాల షో పెట్టాను. తెలివితక్కువ పని, పూర్తిగా నాదే. వాళ్లు తర్వాత నాకు ఫోటో పంపారు, తిట్టకుండా. చుట్టూ జనం జెండాలు ఊపుతున్నారు. మధ్యలో వరసగా ఏడుగురిలో ఐదుగురు నిద్రలో ఉన్నారు. పెద్దాయన తల మీద పెట్టిన పసుపురంగు కాగితం కిరీటం ముక్కు మీదికి జారింది, ఎదురుగా చికెన్ ముక్క చల్లారిపోయి ఉంది, మనవడు ఆయన ఒళ్లో బోర్లా పడుకున్నాడు. మేలుకున్న ఇద్దరిలో ఒకావిడ ఫోటో తీసింది, రెండో ఆయన డబ్బు కట్టినాయన. ఆ రోజు నుంచి నా ఆఫీసులో దిగిన రోజు, మర్నాడు డిన్నర్ షో పెట్టడం బంద్.

ఇంకో లెక్క ఉంది, అది డబ్బుకి సంబంధించింది. డిస్నీ పార్కుల్లో ఒక్కరోజు టికెట్టే మనిషికి వంద డాలర్లు దాటుతుంది. పొద్దున పార్కుకి వెళ్లి, మధ్యాహ్నం నాలుగింటికి షో కోసం బయటపడితే ఏమవుతుంది? ఎండ తగ్గి, క్యూలు పలచబడి, దీపాలు వెలిగి, బాణసంచా కాల్చే అసలు వేళకి మీరు పార్కులో ఉండరు. ఆరుగురి టికెట్లలో సగం విలువ అక్కడే పోయింది. పైగా పొద్దుటి నుంచి పది కిలోమీటర్లు నడిచిన కాళ్లతో, వాటర్ రైడ్‌లో తడిసిన బట్టలతో ఏసీ హాల్లో కూర్చోవాలి. అందుకే డిన్నర్ షో పెట్టాల్సింది పార్కుకి వెళ్లని రోజున. ఐదు రాత్రుల ట్రిప్‌లో అలాంటి రోజు ఒకటి ఉండి తీరాలి, పెద్దవాళ్లున్న ఇంట్లో మరీను. మీకైతే మూడో రోజు. పొద్దున లేటుగా లేవండి, పిల్లలు హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో ఆడుకుంటారు, మధ్యాహ్నం అందరూ ఒక కునుకు తీసి, సాయంత్రం ఉన్నవాటిలో అన్నిటికంటే ముందు పడే షోకి వెళ్లండి. రెండో ఆట, మూడో ఆట వద్దు. ఇలా చూసుకుంటే ఐదు రాత్రుల్లో అలాంటి సాయంత్రం మీకు ఒక్కటే దొరుకుతుంది. రెండో షో వద్దన్నది అందుకే.

ఇక షోలు. మీరు పంపిన పేర్లలో కొన్ని ఇప్పుడు లేనే లేవు. డిస్నీ పాలినీషియన్ రిసార్ట్‌లో జరిగే హవాయి నృత్యాల షో 2020లో ఆగిపోయింది, మళ్లీ తెరవలేదు. అరేబియన్ నైట్స్ అనే గుర్రాల షో మూతపడి పదేళ్లు దాటింది. పాత యూట్యూబ్ వీడియోలు చూసి ఇప్పటికీ నెలకొకరైనా వాటి కోసం అడుగుతుంటారు. మిగిలినవాటిలో మీరు నిజంగా ఆలోచించాల్సినవి రెండే.

మొదటిది డిస్నీ వాళ్ల హూప్-డీ-డూ మ్యూజికల్ రెవ్యూ. ఫోర్ట్ విల్డర్‌నెస్ అనే అడవి లాంటి రిసార్ట్‌లో పయనీర్ హాల్ అని దుంగలతో కట్టిన హాలు ఉంటుంది. అక్కడ 1974 నుంచి నడుస్తోంది. కోవిడ్‌లో ఆగి 2022లో మళ్లీ మొదలైంది. ఒక నాటక బృందం గుర్రబ్బండి దిగి వచ్చినట్టు వస్తారు. పాటలు, డాన్సులు, ఒకరినొకరు ఆట పట్టించడం, మధ్యమధ్యలో మన బల్లల మధ్యకి వచ్చి జనాన్ని కదిలించడం, ఇదీ షో. మన సురభి నాటకాల్లో హాస్యగాడి పాత్ర ఒక్కటే తీసుకుని రెండు గంటలు ఆడిస్తే ఎలా ఉంటుందో అలా అనుకోండి. బకెట్లలో వేయించిన చికెన్, పంది రిబ్స్, మెత్తగా చేసిన బంగాళదుంప, మొక్కజొన్న, బీన్స్, కార్న్‌బ్రెడ్ తెచ్చి బల్ల మీద పెడతారు. ఎంత కావాలంటే అంత. చివర్లో స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్. పన్నులు, టిప్ టికెట్లోనే కలిసి ఉంటాయి, కాబట్టి తిన్నాక మళ్లీ పర్సు తీసే పని లేదు.

మా అమ్మని తీసుకెళ్లాను దానికి. ఆవిడకి ఇంగ్లీషు రాదు. వచ్చేటప్పుడు హ్యాండ్‌బ్యాగులో కరివేపాకు పొడి పొట్లం తెచ్చుకుంది. బంగాళదుంప ముద్దలో ఆ పొడి కలుపుకుని, పైన వాళ్లిచ్చిన వెన్న వేసుకుని తింటుంటే పక్కన కూర్చున్న అమెరికన్ పెద్దావిడ అదేమిటని అడిగింది. అమ్మ ఆవిడ ప్లేటు అంచున ఒక చిటికెడు పెట్టింది. కాసేపటికి ఇద్దరూ నేప్‌కిన్లు గిరగిరా తిప్పుతున్నారు, అక్కడ పాట మొదలైతే అందరూ అలా తిప్పాలి. నిజానికి అమ్మకి బాగా నచ్చింది ఆ పదిహేను నిమిషాలే. మిగతా గంటన్నర సేపు ఎందుకు నవ్వుతున్నారే అని నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉంది. ఆ జోకులు ఇంగ్లీషు మాటల మీద ఆడే ఆటలు. నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. మూడోసారికి ఆవిడకి తెలిసిపోయింది.

అందుకే మీ నాన్నగారి విషయంలో నాకు దీని మీద అనుమానం. పైగా దీనికి ఇంకో చిక్కుంది. అందరూ డిస్నీ షో కదా అని మిక్కీ వస్తాడనుకుంటారు. రాడు. మిక్కీ, మిన్నీ ఎవరూ ఈ షోలో ఉండరు. పాపకి ముందే ఊరించి చెప్పారంటే ఆ సాయంత్రం మీరు సముదాయించలేరు. ధర కూడా చూసుకోండి. పెద్దవాళ్లకి మనిషికి 70 డాలర్ల అటూ ఇటూ ఉంటుంది, కుర్చీ ఎక్కడన్నదాన్ని బట్టి మూడు రకాలు. డిస్నీ లెక్కలో పదేళ్లు నిండితే పెద్దవాళ్లే. అంటే మీ బాబు ఇక్కడ బస్సులో హాఫ్ టికెట్ అయినా అక్కడ ఫుల్ టికెట్. ఐదు పెద్ద టికెట్లు, ఒక చిన్న టికెట్ కలిపితే మన రూపాయల్లో ముప్పై వేలు దాటుతుంది. మూడేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు కానీ మీ ఇంట్లో ఆ వయసువాళ్లు లేరు.

ఒకవేళ దీనికే వెళ్లాలనుకుంటే కారులో వెళ్లినా నేరుగా హాలు ముందు దిగడం కుదరదని గుర్తుంచుకోండి. రిసార్ట్ ముఖద్వారం దగ్గర కారు ఆపి, లోపల తిరిగే బస్సెక్కి హాలు దాకా వెళ్లాలి. గంట ముందు చేరేలా బయల్దేరండి. ముందే చేరితే నష్టం లేదు, దగ్గర్లోనే గుర్రపుశాల ఉంది, పిల్లలు అక్కడ కాలక్షేపం చేస్తారు. అమ్మగారి కోసం మేడ మీద కాకుండా కింది అంతస్తులో ఉండే మొదటి రకం కుర్చీలే తీసుకోండి, పదో పరకో డాలర్లు ఎక్కువైనా సరే.

రెండోది మెడీవల్ టైమ్స్. ఇది డిస్నీది కాదు, ఓర్లాండో పక్కనున్న కిస్సిమీ ఊళ్లో హైవే పక్కన కోట ఆకారంలో ఉంటుంది. 1983 నుంచి ఉంది. లోపల మట్టి పరిచిన పెద్ద ఆవరణ, చుట్టూ మెట్లు మెట్లుగా బల్లలు. ఆరుగురు రౌతులు, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. మీరు కూర్చున్న భాగం రంగు ఏదైతే ఆ రౌతు మీ వాడు, అతని కోసం అరవాలి, ఎదుటి రంగు వాణ్ణి ఎగతాళి చెయ్యాలి. ఆ రంగు కాగితం కిరీటం ఇస్తారు. ఈటెలతో గుర్రాల మీద ఢీకొనడం, కిందపడ్డాక కత్తులతో పోరు, మధ్యలో డేగని ఎగరేయడం, పైన సింహాసనంలో రాణి. కథ ఇంతే. మాటలు అర్థం కాకపోయినా నష్టం ఏమీ లేదు. ఎవరు ఎవర్ని కొట్టారో కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. పౌరాణిక సినిమాలు చూసిన మన పెద్దవాళ్లకి గదాయుద్ధం అర్థం చేసుకోవడం ఒకరు నేర్పాలా?

ఇక్కడ ఇంకో విశేషం. పాతకాలంలా ఉండాలని చెంచాలు, ఫోర్కులు ఇవ్వరు. సూపు గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని తాగడమే, మిగతాదంతా చేత్తో తినడమే. నేను పంపిన ఒక పెద్దాయన తిరిగొచ్చాక ఆఫీసుకి వచ్చి మరీ చెప్పారు, అమెరికాలో నెల రోజుల్లో ప్రశాంతంగా తిన్నది ఆ ఒక్క పూటేనమ్మా అని. చుట్టూ ఉన్న తెల్లవాళ్లు చికెన్ ఎలా పట్టుకోవాలో తెలియక తంటాలు పడుతుంటే ఆయనకి భలే సరదా వేసిందట.

ఇబ్బందులూ ఉన్నాయి. లోపల గుర్రాల వాసన, మట్టి వాసన ఉంటాయి, ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకోవాలి. కత్తులు తగిలినప్పుడు పెద్ద చప్పుడు, నిప్పురవ్వలు. ఐదేళ్ల పాప భయపడే అవకాశం ఉంది. ఇది ఉత్తుత్తి కత్తియుద్ధం, చివర్లో అందరూ లేచి దండం పెడతారు అని ముందే చెప్పి ఉంచండి. మెట్లున్నాయి కాబట్టి అమ్మగారికి బుకింగ్‌లోనే మెట్లెక్కలేరని రాయించండి. 1990 నాటి వికలాంగుల చట్టం వల్ల అమెరికాలో ఇలాంటి చోట్ల అందరికీ అందుబాటులో ఉండే కుర్చీలు తప్పనిసరి. అడిగితే ఇస్తారు, అడగడానికి మనవాళ్లే మొహమాటపడతారు. షోకి గంట ముందు రమ్మంటారు, ఆ గంటా కోట ముందరి హాల్లో నిలబెట్టి బొమ్మ కత్తులు, జెండాలు, ఫోటోలు అమ్ముతారు. పిల్లలకి చెరొకటి అని ముందే ఒప్పందం చేసుకోండి, లేకపోతే షో టికెట్ కంటే కత్తుల బిల్లు ఎక్కువవుతుంది. వడ్డించేవాళ్లకి టిప్ విడిగా ఇవ్వాలి, చిల్లర డాలర్లు జేబులో ఉంచుకోండి. టికెట్ల మీద వాళ్ల సైట్‌లోనే తరచూ తగ్గింపులు పెడతారు, చూసి కొనండి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఇంటర్నేషనల్ డ్రైవ్ వైపు నీళ్లలో ఓడ కట్టి ఆడే సముద్రపు దొంగల షో ఒకటుంది. విన్యాసాలు బాగుంటాయి, కథ గోల ఎక్కువ. అదే రోడ్డు మీద తలకిందులుగా కట్టిన బిల్డింగ్ ఒకటి కనిపిస్తుంది, వండర్‌వర్క్స్ అని. అందులో మ్యాజిక్, కామెడీ షో నడుస్తుంది, భోజనానికి కావలసినంత పిజ్జా. శాకాహారులకి తిండి టెన్షన్ లేనిది అదే, కానీ అంతా ఇంగ్లీషు జోకులే. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంటికైతే అదే చెప్పేదాన్ని.

ఇప్పుడు తిండి, ఎందుకంటే మీ నాన్నగారి ప్రశ్న అదే. ఈ షోలన్నిటిలో శాకాహారం అడిగితే వేరే ప్లేటు ఇస్తారు. కానీ అక్కడ శాకాహారం అన్న మాటకి అర్థం వేరు. గుడ్డు వాళ్ల దృష్టిలో శాకాహారమే. వీగన్ అని చెప్తే గుడ్డు పోతుంది కానీ వెన్న, పాలు, పెరుగు కూడా పోతాయి. పాలు తీసుకుంటాం, మాంసం, చేపలు, గుడ్డు మూడూ వద్దు అని విడివిడిగా చెప్పాలి, బుకింగ్‌లో ఒకసారి, కూర్చున్నాక వడ్డించేవారికి ఇంకోసారి. అమెరికాలో బీన్స్‌ని పంది మాంసం ముక్కతో ఉడికించడం మామూలు, సూపుల్లో చికెన్ నీళ్లు పోయడం ఇంకా మామూలు. చూడ్డానికి ఉట్టి బీన్స్‌లా, ఉట్టి టమాటా సూపులా ఉంటాయి. అడగకుండా నోట్లో పెట్టుకోవద్దని నాన్నగారికి చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పాలి, మొహమాటం లేకుండా చెప్తాను: శాకాహార ప్లేటు ఎక్కడా గొప్పగా ఉండదు. కడుపు నింపుతుంది, అంతే. ఆయన సాయంత్రం బయల్దేరే ముందు హోటల్ గదిలోనే ఇంత పెరుగన్నం తినేసి వెళ్తే షో హాయిగా చూస్తారు. షుగర్ ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. షో ఆరింటికి అంటే ప్లేటు ఆరింటికి వస్తుందని కాదు, ఐదింటికే వచ్చి నిలబడాలి, కూర్చోబెట్టాక కూడా ప్లేటు రావడానికి ఇంకాస్త టైము పడుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ప్లేటు ఎదురుగా వచ్చాకే తీసుకోవాలా, ఎలా అన్నది బయల్దేరే ముందు ఇక్కడి డాక్టరుతో మాట్లాడుకోండి.

వంటగది ఉన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారా, హోటలా అన్నది మీరు రాయలేదు. కిస్సిమీ చుట్టుపక్కల అలాంటి ఇళ్లు బోలెడు దొరుకుతాయి, ఆరుగురికి హోటల్లో రెండు గదులకంటే చాలాసార్లు చవక. ఒక చిన్న రైస్ కుక్కర్ ఉంటే పైన తిండి గురించి చెప్పినదాంట్లో సగం అవసరమే లేదు.

శాలువా మర్చిపోవద్దు. బయట జూన్ ఎండ మన మే నెలలా ఉక్కపోస్తుంది, మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది, లోపల ఏసీ మాత్రం మంచుగడ్డ. కాటన్ చీరతో రెండు గంటలు కూర్చుంటే అమ్మగారి మోకాళ్లు మర్నాడు మొరాయిస్తాయి. అలాగే ఐ-4 హైవే సాయంత్రం వేళ మన మియాపూర్ రోడ్డుకి ఏమీ తీసిపోదు. మ్యాపులో అరగంట అని చూపిస్తే గంట పెట్టుకోండి. ఆలస్యంగా వెళ్తే షో మీ కోసం ఆగదు, డబ్బూ వెనక్కి రాదు.

డబ్బు కట్టే ముందు ఇక్కడే ఒక చిన్న పరీక్ష పెట్టుకోమంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెప్పేదే. ఒక శనివారం ఆరుగురూ కలిసి కొంపల్లి వెళ్లి రండి, ఇంకో సాయంత్రం గోల్కొండలో సౌండ్ అండ్ లైట్ షోకి వెళ్లండి. చీకట్లో డప్పుల మోతకి పాప చెవులు మూసుకుంటుందా, కళ్లు పెద్దవి చేసి చూస్తుందా? నాన్నగారు గంట సేపు కదలకుండా కూర్చోగలరా, నడుం పట్టేసి అరగంటకే లేస్తారా? రామోజీ ఫిల్మ్ సిటీలో వైల్డ్ వెస్ట్ స్టంట్ షో కూడా ఇందుకు పనికొస్తుంది, తుపాకుల చప్పుడు, పేలుళ్లు ఉంటాయి. అక్కడ తట్టుకున్న పాప కత్తుల షోలో కూడా కూర్చుంటుంది. పోయినేడాది నాచారం నుంచి వచ్చిన ఒక కుటుంబం ఇలాగే ఫిల్మ్ సిటీకి వెళ్లింది. నాలుగేళ్ల బాబు మొదటి పేలుడుకే బయటికి పరిగెత్తాడు. వాళ్లు డిన్నర్ షో మానేసి, ఆ డబ్బుతో పిల్లల్ని ఇంకో రోజు పార్కుకి తీసుకెళ్లారు. వచ్చాక స్వీట్ల డబ్బా తెచ్చిచ్చారు నాకు. షో వద్దన్నందుకు కమీషన్ పోయింది, కాజాలు దక్కాయి.

ఆ పరీక్షలో అందరూ గట్టెక్కితే మీకు నా మాట మెడీవల్ టైమ్స్, మూడో రోజు, తొలి ఆట. బాబు కోరిక తీరుతుంది, నాన్నగారికి భాష అడ్డు రాదు.

మరి పాప మిక్కీ? దానికి డిన్నర్ అక్కర్లేదు, టిఫిన్ చాలు. డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు పక్కనే ఉన్న కంటెంపరరీ హోటల్లో షెఫ్ మిక్కీస్ అని రెస్టారెంట్ ఉంది. మిక్కీ, మిన్నీ, గూఫీ, డోనాల్డ్, ప్లూటో ఒక్కొక్కరుగా బల్ల దగ్గరికే వచ్చి ఫోటో దిగుతారు, క్యూలో నిలబడే పని లేదు. బఫే కాబట్టి నాన్నగారు ఏది తినాలో కళ్లతో చూసి, అడిగి వడ్డించుకోవచ్చు. దీన్ని రెండో రోజు పొద్దున్నే పెట్టండి. మీరంతా ఎలాగూ మూడింటికే లేచి కూర్చుంటారు, ఆకలి దంచేస్తుంటుంది. మన శరీరం అప్పటికి మధ్యాహ్నం భోజనం వేళ అనుకుంటూ ఉంటుంది మరి. సాయంత్రం మనకి శత్రువైన ఆ జెట్‌లాగే పొద్దున అక్కరకొస్తుంది. తిన్నాక అక్కడి నుంచి పార్కు గేటుకి నడిచినా పది నిమిషాలే, అమ్మగారి కోసం మోనోరైలు ఆ హోటల్ లోపలి నుంచే పోతుంది.

కత్తుల షో టికెట్లకి తొందర లేదు, రెండు వారాల ముందు తీసుకున్నా దొరుకుతాయి. మిక్కీ టిఫిన్‌కి మాత్రం డిస్నీ వాళ్లు 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు, మంచి టైములు చకచకా అయిపోతాయి. మీరు జూన్ 18న వెళ్లాలంటే ఏప్రిల్ 19న కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అక్కడ పొద్దున ఆరు ప్రాంతంలో తెరుస్తారు, మనకి మధ్యాహ్నం మూడున్నర. అమెరికాలో ఉన్నవాళ్లు నిద్ర కళ్లతో లేవాలి, మనం భోంచేసి తీరిగ్గా కూర్చోవచ్చు. ముందు రోజే డిస్నీ సైట్‌లో అకౌంట్ తెరిచి ఆరుగురి పేర్లు, వయసులు ఎక్కించి పెట్టుకోండి. ఇంకొకటి, బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి మీ క్రెడిట్ కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో చూడండి. 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులకి అవి ఆఫ్‌లోనే వస్తున్నాయి. టేబుల్ దొరికాక, కార్డు నంబర్ కొట్టాక, పేమెంట్ ఫెయిల్ అని వస్తే ఆ టేబుల్ మీరు యాప్ వెతుక్కునేలోపు ఇంకొకరికి పోతుంది.